గట్టు వార గోబో

తోనె నది పక్కన ఆ నల్లమట్టి ఊళ్లో ఇషినో అంటే గోబో ముసలమ్మ. గోబో అంటే ముల్లంగిలా పొడుగ్గా మట్టిలోకి దిగే కూర వేరు. బాలింతకు పాలు గడ్డకట్టి రొమ్ము రాయిలా అయితే ముందు ఆమె గడపకే వచ్చేవారు. ఆమె గుప్పెడు గోబో గింజలు వేయించి, పొడి చేసి, గోరువెచ్చని నీళ్లతో మింగించేది. గడ్డ కరిగితే అది గింజ మహిమ, కరగకపోతే పట్నంలో డాక్టరు ఉండనే ఉన్నాడు. కరిగిన సంగతే ఊరంతా చెప్పుకునేది, లోకం తీరు అంతే కదా.

గోబో విత్తడం పెద్ద విద్యేం కాదు. పైపైన చల్లి పలచగా మట్టి కప్పితే చాలు, లోతుగా పూడిస్తే వెలుతురు తగలక మొలవదు. కష్టమంతా విత్తనం దక్కించుకోవడంలోనే ఉంది. మొదటి ఏడు వేరు మాత్రమే, పువ్వూ గింజా రెండో ఏడు. అందుకని చలికి ముందు పంట తవ్వేటప్పుడు అన్నిట్లోకీ తిన్నని వేళ్లను ఏరి, తోక కోసి, గట్టు వార ఏటవాలుగా మళ్లీ పాతాలి. మంచివి మట్టికి, వంకరవి మనుషులకి. ఇషినో మొగుడు బతికినన్నాళ్లూ దీని మీద సణుగుతూనే ఉన్నాడు.

ఆ చలికాలం కొత్త కోడలు కినుయె నెల తప్పింది. కొత్త సంవత్సరం పండక్కి అత్త నడుం పట్టేసి పడుకుంటే, తానే గునపం పట్టుకుని పొలానికి వెళ్లింది. గట్టు వార మట్టి గుల్లగా ఉంది, వేళ్లు సులువుగా వచ్చేశాయి. ఉడికించి, చితక్కొట్టి, నువ్వులూ వెనిగరూ కలిపి మురిసిపోతూ వడ్డించింది.

"అమ్మా, గోబో వెన్నలా ఉంది. నీ చేతిలో ఎప్పుడూ పీచే," అన్నాడు కొడుకు యాసుజీ.

ఇషినో గిన్నెలోకి చూసింది. ఓ ముక్క చివర నల్లగా గట్టిపడ్డ పాత కోత ఉంది. విత్తనానికని తాను పాతినవే అవి. కానీ పండగపూట, కడుపుతో ఉన్న పిల్లను ఏమంటుంది?

"బాగుంది తల్లీ, ఇంకొంచెం వెయ్యి," అంది.

జాడీలో పాత గింజలు ఉన్నాయన్న ధైర్యం ఒకటి. వసంతంలో సగం విత్తింది. పక్కింటి ఫుసా కూతురికి పాలు గడ్డకడితే మిగతావి ఇచ్చేసింది. కాదని ఎలా అంటుంది?

వేసవి చివర్లో కినుయెకి కొడుకు పుట్టాడు. పది రోజులు తిరక్కుండానే రొమ్ము ఎర్రబడి, ఒళ్లు కాలిపోయింది. ఇషినో గోబో ఆకులు నలిపి కట్టింది. అవి వాడి రాలాయే గానీ గడ్డ కదల్లేదు.

"అత్తయ్యా, ఊరందరికీ ఇస్తారు. నాకు ఇవ్వరా?"

"అయిపోయాయమ్మా."

"ఫుసా గారి అమ్మాయికి ఉన్నాయిగా."

"ఉన్నాయి."

"నా దాకా వచ్చేసరికే లేవన్నమాట."

పండక్కి నువ్వు వండినవి విత్తనపు వేళ్లు అన్న ఒక్క మాటతో నింద తొలగిపోయేది. జ్వరంతో మూలిగే పిల్ల నెత్తిన ఆ మాట ఎలా పడెయ్యడం? ఇషినో గింజల కోసం ఇల్లిల్లూ తిరిగింది. అందరూ ఇప్పుడు పొట్లాల విత్తనమే కొంటున్నారు, కొన్నది కొన్నట్టు విత్తేస్తున్నారు. వట్టి చేతులతో తిరిగొచ్చి కోడలి మంచం పక్కన కూలబడింది. అంత చేతకానిదాన్నని ఆమెకెప్పుడూ అనిపించలేదు.

చివరికి డాక్టరు గడ్డ కోశాడు. జ్వరం దిగింది, పాలు ఇంకిపోయాయి. పిల్లాడికి డబ్బా పాలు అలవాటు చేశారు. కినుయె అత్తను పల్లెత్తు మాట అనలేదు. అసలు మాట్లాడటమే మానేసింది. తిట్టినా బాగుండేదని ఇషినో ఎన్నిసార్లు అనుకుందో!

పంట తవ్వే రోజు వచ్చింది. పిల్లాణ్ణి గట్టు మీద గంపలో పడుకోబెట్టి ఇద్దరూ పనిలోకి దిగారు. ఇషినో తిన్నని వేరొకటి ఏరి తోక కోసింది.

"బంగారంలాంటిదాన్ని అలా కోసేస్తున్నారేంటి?" కినుయెకి చాలా రోజుల తర్వాత నోరు పెగిలింది.

"విత్తనానికి. గట్టు వార పాతితే వచ్చే వేసవికి పూస్తుంది. వేసవి చివరికి గింజ."

కినుయె ఆ వేరు చేతిలోకి తీసుకుంది. కోతను వేలితో తడిమింది.

"పండక్కి నేను తవ్వినవాటికీ తోకలు లేవు."

"మట్టి జారుతోంది, చూసుకో."

"మీరు అడిగి మరీ ఇంకొంచెం వేయించుకున్నారు కదా అత్తయ్యా."

ఇషినో ఇంకో వేరు ఏరి తోక కోసింది. "బాగా వండావమ్మా, అందుకే," అంది.

గంపలో పిల్లాడు పాలకి ఏడుపు లంకించుకున్నాడు. ఇద్దరిలో ఎవరూ వెంటనే లేవలేకపోయారు.