పొట్లం మీది మాట

మెరిసే కాయితం చూస్తే నాకు ఒళ్లు మండుతది. పెండ్లికి పోయినా, పుట్టినదినానికి పోయినా అదే తళతళ. లోపల స్టీలు గిన్నె, పైన వెండి తీరుగ కాయితం. ఒక్క గుంజు గుంజితె చర్రున చినిగి చెత్తల పడ్తది. మేక గూడ ముట్టదు దాన్ని. నేను బడి మెట్టెక్కినోన్ని కాను. కిరాణా పొట్లాలు విప్పి, పప్పు డబ్బాల పోసి, ఆ కాయితం మీదనే తెలుగు కూడబలుక్కున్న. అఫ్జల్‌గంజ్‌ల మూటలు మోసిన దినాలల్ల దుకాణాల బోర్డులు చూసుకుంట ఉర్దూ పట్టుకున్న. పొట్లమే నాకు పలక. మెరిసే కాయితం మీద చదువనీకె ఏమున్నది?

అందుకే మా కోడలు కట్టిన పొట్లం గురించి రాస్తున్న. నా తప్పు గూడ రాస్త, దాచుడెందుకు?

పోయిన వానకాలంల ఆమె తమ్మునికి ఆడపిల్ల పుట్టింది. ఇరవై ఒకటో దినం మలక్‌పేటల తొట్లెల వేసుడు పెట్టుకున్నరు. మేనత్తే తొట్లెల వేయాలె, మేనత్తే చెవుల పేరు చెప్పాలె. పిల్ల కోసం పాత చీరెలతోటి చిన్న బొంత కుట్టింది మా కోడలు. బొంత మంచిగనే కుదిరింది. దాని మీద ఏం చుట్టాలె అన్నదే ఆమె ఫికర్. తమ్ముని పెండ్లిల ఈమె ఇచ్చిన చీరెను చూసి తమ్ముని అత్త, "కిరాణా పొట్లం లెక్కున్నది" అని పదిమంది ముంగట నవ్వింది. ఆ మాట ఈమెకు ఇంకా గొంతు దిగలేదు.

"షాపుల మెరిసేది తెద్దునా మామా?" అని అడిగింది.

"నా ముంగట ఆ మాట అనకు బిడ్డా!" అన్న.

ఛత్రినాకల మా ఇంటికి ఎదురుంగనే దర్జీ దుకాణం. ఆ భాయ్ పాత ఉర్దూ పేపర్ల మీద కొలతలు గీసి కత్తిరిస్తడు. ఆయన దగ్గర రెండు పేపర్లు, గుప్పెడు బట్ట ముక్కలు అడిగి తెచ్చుకున్నది. చీరె కుచ్చిళ్లు పోసినట్టు పేపరును వేలెడు వేలెడు మడతలు పెట్టింది. గోందు లేదు, టేపు లేదు. పసుపు రాసిన దారం నాలుగు చుట్లు చుట్టింది. బట్ట ముక్కలు మెలిపెట్టి పువ్వు చేసి, నడుమ నా పాత అంగీ గుండీ కుట్టింది. నల్లటి ఉర్దూ అక్షరాలు మడత మడతకు అంచు పువ్వుల లెక్క వరుసకు వచ్చినయి. ఏ బడిల నేర్పిన్రు ఆమెకు గా లెక్క? నేను పొట్లాన్ని చేతుల పట్టుకొని తిప్పి తిప్పి చూసిన.

అట్ల చూసుడే కొంప ముంచింది. ఫంక్షన్ పొద్దుగాల, ఆటో వాకిట్లకు వచ్చినంక, మల్లొకపారి చూద్దామని కండ్లద్దాలు పెట్టుకున్న. మడత మీద ఒక ముసలాయన ఫోటో, మెడల పూలదండ. పైన పెద్ద అక్షరాలు. కూడబలుక్కున్న: ఇం... తె... ఖాల్.

"ఆగు! ఇంతెఖాల్ అంటే సావు బిడ్డా! సావు కబురు చుట్టి పసిగుడ్డుకు ఇస్తవా? మేనత్త చేతుల నుంచి గిదా పోవాల్సింది?"

ఆమె గబగబ దారం గుంజింది. పేపరు మడత కాడ చినిగి ఆ ముక్క చేతికొచ్చింది. నా లొల్లికి దర్జీ భాయ్ మెడల టేపుతోనే ఉరికొచ్చిండు. ఆ ముక్క చూసి పడి పడి నవ్విండు.

"అరే భాయ్, ఇంతెఖాల్ కాదు, ఇస్తెఖ్బాల్! హజ్ చేసి వచ్చినాయనకు స్వాగతం. బతికున్నోని మెడల దండేస్తె సంపేస్తివి గద!"

మా ఇండ్లల్ల ఫోటోకు దండ పడ్డదంటే మనిషి పోయినట్టే. పైంగ ఆ మాట మొదలు దారం కింద దాగింది. ఇగ చుక్కలంటరా, ఉర్దూల చుక్క మారితె అక్షరమే మారుతది, బోర్డులు చదివిన కాలం నుంచీ నేను వాటిని దాటేసుకుంటనే పోయిన.

ఆటో హారన్ కొడుతుంటే కోడలు ఆ మాటనే చక్కగ కత్తిరించి, అన్నం మెతుకులతోటి చినుగు మీద అతికించింది. ఆ మాట కనబడేటట్టు దారం మల్ల చుట్టింది. నేను కొస పట్టుకున్న, అంతే నా సాయం.

మలక్‌పేటల మెరిసే డబ్బాల కుప్ప. తమ్ముని అత్త మా పొట్లం అందుకున్నది.

"గిదేందమ్మా, ఉర్దూ పేపర్ల చుట్టినవ్?"

"ఇస్తెఖ్బాల్ అని రాసున్నది అత్తా. రా బిడ్డా అని పిలుసుడు. మా మామకు ఉర్దూ వస్తది, అడుగుండ్రి."

అందరు నా దిక్కు చూసిన్రు. తమ్ముని అత్త ఆ అక్షరాల మీద వేలు పెట్టి తడిమింది. దారం ముడి విప్పింది, గుంజలేదు. పేపరును ఉన్న మడతలల్లనే మడిచి తొట్లె పరుపు కింద పెట్టింది.

"నిజంగనే ఉర్దూ వస్తదా అన్నా?" అని నన్ను అడిగింది.

"అక్షరాలు ఎన్నడో వచ్చినయి చెల్లె. చుక్కలు గీ పొద్దుగాలనే వచ్చినయి" అన్న.

మా కోడలు నవ్వు ఆపుకొని తొట్లె మీదికి వంగింది. బొంతల చుట్టిన బిడ్డ చెవుల పేరు చెప్పింది.