కొండపిట్టతో అమలాపురం

అమలాపురంలో మాస్టరుగా పనిచేస్తున్న నా చిన్ననాటి స్నేహితుడు ఓబులేసు మూడేళ్ళుగా పెనుకొండ రాలేదు. మన కొండ బాగా గుర్తొస్తోందని ఎవరితోనో చెప్పి పంపాడు. అంతే, నా బుర్ర పాదరసంలా పనిచేసింది. మా కొండరాళ్ళ మధ్య గింజలూ పురుగులూ ఏరుకుంటూ తిరిగే ఇసుకరంగు నేలపిచ్చుకనొకదాన్ని పట్టించి, వస్తున్నానని వాడికి కార్డు ముక్క రాసి, పంజరంలో పెట్టుకుని బయలుదేరాను. దాని పాట వాడికి వినిపించి శభాష్ అనిపించుకోవాలని నా ఉబలాటం.

సామర్లకోటలో రైలు దిగి, కాకినాడ మీదుగా బస్సులో వెళితే మధ్యాహ్నానికి కోటిపల్లి రేవు చేరవచ్చు. గోదావరి దాటడానికి అణాలతో సరిపోతుంది. పంజరానికి వేరే అడగలేదు. పడవ నడిపే పెద్దాయన మాత్రం పిట్టను చూసి, "ఇది మా వైపుది కాదండీ. ఈ తడికి తట్టుకుంటాదాండీ?" అన్నాడు. విననట్టు అవతలి గట్టు చూస్తూ కూర్చున్నాను. ముక్తేశ్వరంలో బస్సెక్కి దీపాలవేళకు అమలాపురం చేరాను. దారి పొడవునా కాలువలూ కొబ్బరితోటలే తప్ప గులకరాయి కూడా కనబడలేదు.

ఓబులేసు అద్దెకున్న ఇంటావిడ సత్యవతిగారు ఆప్యాయంగా పెసరట్లు పెట్టారు. పిట్ట మాత్రం పంజరం మూల ముడుచుకుపోయింది. రాయెక్కితే గాని ఇది పాడదని చెప్పాను. ఆవిడ లోపలికి వెళ్ళి, సన్నికల్లు మీద పచ్చడి నూరుకునే పొత్రాన్ని కడిగి తెచ్చి పంజరంలో పెట్టారు.

"మా ఇంట్లో రాయంటే ఇదేనండీ అన్నయ్యగారూ," అన్నారు. ఆ రాత్రి భోజనంలో పచ్చడి లేదు.

తెల్లవారాక పిట్ట పొత్రమెక్కి గొంతెత్తి పాడింది. నేను గర్వంగా ఓబులేసు వైపు తిరిగాను. వాడు కండువాతో కళ్ళు తుడుచుకుంటున్నాడు.

"నేను జీతానికి వచ్చేన్రా. దాన్ని దేనికి తెచ్చేవు?" అన్నాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. బయట వదిలితే ఆ తడినేల మీద అది బతకదు. పంజరంలో ఉంచితే వాడు చూడలేడు. ఈ పూటే వెనక్కి తీసుకుపొమ్మన్నాడు. నేను బస్సెక్కాక గాని వాడు చెప్పలేదు, నాతో గడపడానికి నాలుగు రోజులు సెలవు పెట్టుకున్నానని.

పిట్టను కొండమీద వదిలేశాను. అది రాళ్ళ మధ్యకు గెంతి గింజలు వెతుక్కుంటూ వెళ్ళిపోయింది. ఇది రాస్తున్నా నాకు సిగ్గుగానే ఉంది. పక్కన కూర్చుని ఊరి కబుర్లు చెప్పే మనిషి కోసం వాడు మూడేళ్ళు ఎదురుచూశాడు. నేను పిట్టను తీసుకెళ్ళి, ఆ పిట్ట కోసమే మర్నాడు తిరిగొచ్చేశాను. కోనసీమలో మీవాళ్ళెవరైనా ఉంటే, చేతులూపుకుంటూ వెళ్ళినా పరవాలేదు; నాలుగు రోజులు ఉండేలా వెళ్ళండి.