వెనక సీటు బరువు

"దీన్ని నడిమికి కోసెయ్యవయ్యా," అంది మా వదిన.

ఆమె చెయ్యి మా అన్న కట్టిన జోడు సైకిల్ మీద ఉంది. రెండు పాత సైకిళ్ళను కోసి, ఇద్దరు ఒకరి వెనక ఒకరు కూర్చుని తొక్కేలా ఆయనే తన వెల్డింగ్ షాపులో అతికించాడు. హ్యాండిలూ బ్రేకులూ ముందున్న మనిషివి. వెనకున్న మనిషికి పట్టుకోవడానికి ఓ కమ్మీ, అంతే. రెండు జతల పెడళ్ళనూ గొలుసుతో కలిపేశాడు కనుక ఒకరి కాళ్ళు తిరిగితే రెండో వాళ్ళవీ తిరగాల్సిందే. అన్న పోయి పట్టుమని రెండు నెలలు కాలేదు. నేను బస్సు డ్రైవర్నే అయినా, కోతా అతుకూ ఆయన దగ్గరే నేర్చుకున్నాను. చాతకాదని తప్పించుకునే వీలు లేదు.

వదినకు చూపు లేదు. పెళ్ళయిన కొన్నేళ్ళకు మసకగా మొదలై, పూర్తిగా పోయింది. ముందు గదిలో కూర్చుని వైరు కుర్చీలు అల్లుతుంది. వైరు చుట్టలు రంగుల వారీగా అన్నే సర్ది పెట్టేవాడు. ఒకసారి ఆయన ఊళ్ళో లేనప్పుడు నేను సర్దితే సగం కుర్చీ నీలం, సగం ఎరుపు అయ్యి కూర్చుంది. కొన్నాయన అదే కొత్త ఫ్యాషన్ అనుకుని మురిసిపోతూ పట్టుకెళ్ళాడు. వదిన నన్ను ఏడాది పొడుగునా ఏడిపించింది.

అంత నవ్వే మనిషీ వీధిలోకి మాత్రం వచ్చేది కాదు. హారన్ వినబడితే కొయ్యబారిపోయేది. గడప దాటించడానికి అన్న చెయ్యని ప్రయత్నం లేదు. ఇంతలో కొండ మీద గని మూతపడింది. లారీలు ఆగిపోయాయి. కొండ అడుగున బాటకు అడ్డంగా గొలుసు కట్టేశారు. చక్రమన్నది తిరగని కంకర బాట, మలుపులు తిరుగుతూ పాత గని దాకా, అలా మిగిలిపోయింది. అన్నకు అది చాలు. జోడు సైకిల్ కట్టాడు. లావు టైర్లు వేసి, రాళ్ళ మీద ఎగిరిపడకుండా గాలి సగమే పెట్టాడు. సెలవు రోజు వచ్చిందంటే పొద్దున్నే ఇద్దరూ కొండ మీద ఉండేవాళ్ళు. దారి పొడుగునా కనిపించినదల్లా అన్న చెబుతుంటే, వెనక నుంచి ఈవిడ కోతలు కోయొద్దని దెప్పేది.

చివరిసారి కొండెక్కి వచ్చిన మర్నాడు, షాపులో స్టూలు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. పనిముట్ల పెట్టెలో గుండె మాత్రలు దొరికాయి. ఏడాదిగా వాడుతున్నాడట. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

ఇక చూడండి ఊరి సంబరం. పాలవాడి నుంచి మందుల షాపామె దాకా అందరిదీ ఒకటే మాట: గుండె జబ్బు మనిషి చేత కొండ మీదికి లాగించుకుందట. కందకు లేని దురద కత్తిపీటకెందుకని నేను ఇద్దరు ముగ్గురితో తగువు పడ్డాను. కుండకైతే మూత పెట్టగలం, లోకం నోటికి ఏం పెడతాం? పోనీ వదినైనా పట్టించుకోకుండా ఉందా అంటే, అందరికన్నా ముందు నమ్మింది ఆమే. కుర్చీలు పక్కన పడేసింది. తిండి మానేసింది. "నేనే చంపుకున్నాను," అన్న మాట తప్ప ఇంకో మాట లేదు. అలాగే వదిలేస్తే అన్న వెనకే పోయేలా ఉంది. నాకు నిజంగా భయం వేసింది.

"కోస్తాను. కానీ ఒక్కసారి నాతో పైదాకా రా," అన్నాను.

"నీ పొట్టతోనా?"

"నా పొట్టతోనే."

నేనెందుకలా అన్నానో నాకే తెలియదు. కాస్త గాలి తగిలితే అన్నం తింటుందనుకున్నానేమో. ఎలాగో ఒప్పుకుంది.

పొద్దున్నే షాపు నుంచి సైకిల్ని నడిపించుకెళ్ళి, కొండ కింద గొలుసు దాటించి ఎక్కాము. టైర్ల కింద కంకర కరకరలాడటం తప్ప మరో చప్పుడు లేదు. మొదటి మలుపుకే నాకు ఆయాసం మొదలైంది. వెనక వదిన ఆగకుండా తొక్కుతోంది.

"ఇంత తేలిగ్గా ఉందేమిటయ్యా? బాట బాగు చేశారా?" అంది రెండో మలుపులో.

"ఎవరు చేస్తారు? ఎప్పట్లాగే ఉంది."

"పోయినేడు వానలకి కొట్టుకుపోయిందన్నాడే మీ అన్న! అందుకే అంత బరువుగా ఉందనీ..."

"కొట్టుకుపోవడమేమిటి వదినా? ఒక్క రాయి కూడా కదల్లేదు."

"నువ్వు తొక్కుతున్నావా?" అంది.

"ప్రాణం పోయేలా తొక్కుతున్నాను!" అనేసి నాలిక్కరుచుకున్నాను.

"తొక్కకు. కాళ్ళు పెడళ్ళ మీద ఊరికే ఉంచు."

ఉంచాను. సైకిల్ ఒక్కసారి మందగించింది. నా కాళ్ళు మాత్రం తిరుగుతూనే ఉన్నాయి. వెనక నుంచి ఆమె తిప్పుతోంది. ఊపిరి బరువెక్కింది కానీ ఆపలేదు. పై మలుపు దాకా లాగి, అప్పుడు ఆపమంది.

"ఇదే బరువు," అంది. "పోయినేడంతా నా కాళ్ళకి తెలిసిన బరువు ఇదే. నాకు వయసు మీద పడిందనుకున్నాను."

నా మట్టిబుర్రకు అది ఎక్కడానికి కాస్త సమయం పట్టింది. ఏడాదంతా ముందు సీట్లో అన్న కాళ్ళు తిరిగాయంతే, తొక్కలేదు. ముందు కూర్చున్నవాడే లాగుతాడని ఊరూ అనుకుంది, నేనూ అనుకున్నాను, వెనక కూర్చుని లాగిన మనిషీ అనుకుంది.

వెర్రివాణ్ణి, సంతోషం పట్టలేకపోయాను. "చూశావా వదినా! ఆయన నిన్ను లాగలేదు. నువ్వే ఆయన్ని మోశావు! ఇంకెందుకు ఏడుపు?"

ఆమె బాట పక్కన కంకర మీద కూలబడి, నేనెన్నడూ వినని ఏడుపు ఏడ్చింది.

"ఎక్కేటప్పుడు మాట్లాడటం మానేశాడయ్యా," అంది. "అంతకు ముందు అడుగడుక్కీ చెప్పేవాడు కదా. నేనంటే విసుగొచ్చిందనుకున్నాను. నేనూ మూతి ముడుచుకుని కూర్చున్నాను. ఏడాది పాటు ఇద్దరం మూగవాళ్ళలా ఎక్కాం. ఊపిరందక మాట్లాడలేదని నాకేం తెలుసు?"

"మానేద్దామని ఒక్క మాట అనొచ్చుగా ఆయన!"

"అంటే నేను మళ్ళీ గడప దాటనని భయం." కొంగుతో ముఖం తుడుచుకుంది. "మోస్తున్నది నేనేనని చెప్పుంటే ఇంకాస్త గట్టిగా తొక్కేదాన్ని కదయ్యా."

ఆమె పక్కనే కూర్చున్నాను.

కాసేపటికి ఆమే లేచింది. చేత్తో తడుముకుంటూ సైకిల్ దగ్గరికొచ్చి, వెనక సీటు పట్టుకుంది.

"ఎక్కు. పై దాకా పోదాం. నువ్వు తొక్కొద్దు."

"నా బరువు నీకు తెలియదు వదినా."

"తెలుసులే. కనిపించింది చెబుతూ ఉండు, చాలు."

ఎక్కాను. కాళ్ళు ఊరికే ఉంచాను. వదిన రొప్పుతూ లాగుతోంది. నాకు ఊపిరి ఉంది కనుక, ఎడమ పక్క కొండ, కుడి పక్క లోయ, లోయలో మంచు, అని గని దాకా చెబుతూనే ఉన్నాను.