క్యాంపులో విన్న మా అక్క పెళ్ళి

నా చిన్నప్పుడు నాకు ఫిట్స్ వచ్చేవి. వరంగల్ చౌరస్తా దగ్గర మా నాన్నకు ఇత్తడి సామాన్ల దుకాణం ఉండేది, దాని పైనే మా ఇల్లు. నేను పడిపోగానే ఎవరో ఒకరు కిందికి ఉరికి, దుకాణం తాళంచెవుల గుత్తి తెచ్చి నా అరచేతిలో కుక్కేవారు. ఇనుము తగిలితే ఫిట్స్ ఆగుతాయని అందరి నమ్మకం. నేను కళ్ళు తెరిచేసరికి చేతికి ఇనుము వాసన వచ్చేది. నాతో ఆడుతున్న పిల్లలను వాళ్ళ అమ్మలు అప్పటికే రెక్క పట్టి లాక్కుపోయి ఉండేవారు. ఏమైందమ్మా అంటే, "ఏం కాలే, పండుకో" అనేది మా అమ్మ. ఏం కాకపోతే మోకాలు ఎందుకు చెక్కుకుపోయింది, గౌను ఎందుకు మార్చారు? ఎంత పేచీ పెట్టినా ఒక్కరూ చెప్పలేదు. పక్కింటి అక్క నేను నీళ్ళు తాగిన గ్లాసును వేరుగా బోర్లించి పెట్టడం కూడా నాకు గుర్తుంది. ఇలాంటివి నేను మరచిపోను.

ఒక ఎండాకాలం, నాకు మందిచ్చే డాక్టరు ఫిట్స్ ఉన్న పిల్లలందరికీ ఏటూరునాగారం వైపు క్యాంపు పెట్టారు. సెలవులకు ఖాళీ అయిన హాస్టల్లో ఉండడం. నన్ను గల్లీ చివరికి కూడా ఒంటరిగా పంపని మా అమ్మ, వెంటనే సరేనంది. నాకు అప్పుడే అనుమానం రావలసింది. కానీ ఆ మందు వేసుకుంటే తలలో దూది కూరినట్టు ఉండేది. కోపం గానీ ఏడుపు గానీ ఆ దూదిలోంచి నడుచుకుంటూ రావాలి. చాలాసార్లు దారిలోనే ఆగిపోయేవి.

క్యాంపులో మమ్మల్ని చూసుకున్నది డాక్టరుగారి అక్క. మేమందరం పెద్దమ్మ అనేవాళ్ళం. మొదటి రోజే మా మొలతాళ్ళకు, మెడలకు కట్టి ఉన్న తాళంచెవులు, మేకులు, లాడం ముక్కలు అన్నీ విప్పించింది. "ఇనుము పొయ్యికాడ ఉండాలె, పిల్లల చేతులల్ల గాదు" అని వాటిని వంటింట్లో పెట్టింది. ఆమె పద్ధతి ఒకటే. ఎవరైనా పడితే మిగతావాళ్ళు ఉరకకూడదు, ఎక్కడివాళ్ళు అక్కడే కూర్చోవాలి. ఆమె ఆ పిల్లను పక్కకు ఒత్తిగిలించి, తల కింద తువ్వాల మడిచి పెట్టి పక్కనే ఉండేది. పిల్ల తేరుకున్నాక, దగ్గరున్నవాళ్ళు జరిగినదంతా చెప్పాలి.

పడడంలో నా వంతు అష్టాచెమ్మ ఆడుతుండగా వచ్చింది. కళ్ళు తెరిచేసరికి నేల మీద సుద్దగీతలు అలాగే ఉన్నాయి. నా గాజుముక్కలు పెట్టిన గళ్ళలోనే ఉన్నాయి. నాతో ఆడుతున్న కేసముద్రం పిల్ల గవ్వలు గుప్పిట్లో పట్టుకుని నా ఎదురుగా కూర్చుని ఉంది.

"నీకు ఫిట్స్ వచ్చింది," అంది. "కండ్లు పైకి పోయినయ్, నోట్ల నురగ వచ్చింది, లంగ తడిసింది. నాకు మస్తు భయమైంది గని ఉరకలే. ఓడిపోతున్నవని కావాలని పడ్డవేమో అనుకున్న. ఇగ ఎయ్యి, నీ ఆటనే."

నా ఒంటికి ఏమవుతుందో నేను వినడం అదే మొదటిసారి. విన్నాక సిగ్గు వేస్తుందనుకున్నాను. వేయలేదు. గవ్వలు తీసుకుని వేశాను.

ఆదివారం నాడు పిల్లలను చూడడానికి పెద్దవాళ్ళు వచ్చారు. మా ఇంటినుంచి ఎవరూ రాలేదు. కేసముద్రం పిల్ల వాళ్ళ నాన్న ధాన్యం వ్యాపారి, మా నాన్నకు బాగా తెలిసినవాడు. ఆయన మూట విప్పి అందరికీ లడ్లు పంచుతూ నా దగ్గరికి వచ్చాడు. "తీసుకో బిడ్డా, మీ అక్క పెండ్లి లడ్డే ఇది. మొన్ననే అయింది, మంచిగైంది."

అక్క పెళ్ళి శ్రావణంలో అని నాకు చెప్పారు. నేను లడ్డు పట్టుకుని నిలబడ్డాను. ఆయనకు సంగతి అర్థమై, చెయ్యి మూట దగ్గరే ఆగిపోయింది. నాకు ఏడుపు రాలేదు. పెళ్ళివారి ముందు నేను పడతానని నన్ను ఇక్కడికి పంపారన్నది మాత్రం, ఎవరో పక్క గదిలో మాట్లాడుకుంటున్నట్టు, నెమ్మదిగా తెలిసింది.

పెద్దమ్మ నన్ను దగ్గరికి తీసుకోలేదు, పోనీలే అనలేదు. ఆయనకు చాప వేసింది. "కూసోండ్రి. ఈ పిల్ల లేనప్పుడు ఏమేమైందో మొదటినుంచి చెప్పుండ్రి."

"ఇప్పుడెందుకమ్మా, చిన్నపిల్ల..."

"చూసినోళ్ళు చెప్పాలె. ఈడ పద్ధతి గదే."

ఆయన తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. బ్యాండు మేళం సంగతి చెప్పాడు. పెళ్ళికొడుకు పొడుగని, జర నల్లగా ఉంటాడని, తలంబ్రాలప్పుడు అక్క నవ్విందని చెప్పాడు. వంకాయ కూరలో ఉప్పెక్కువై వంటాయన మీద మా నాన్న అరిచాడట. అప్పగింతలప్పుడు అక్క ఏడ్చిందట. అంతా విన్నాక నేను అడిగాను. "నన్నెవరన్న అడిగిండ్రా?"

ఆయన పెద్దమ్మ వైపు చూశాడు. ఆమె ఉన్నది చెప్పండి అన్నట్టు తలూపింది.

"పెండ్లికొడుకు మేనత్త అడిగింది బిడ్డా, మీకెంతమంది పిల్లలని. ఒక కొడుకు, ఒక బిడ్డ, ఇద్దరే అన్నడు మీ నాయిన. నేను పక్కనే ఉన్న. ఏమనలేకపోయిన."

పెద్దమ్మ లేచి వెళ్ళలేదు, నేను పడిపోయినప్పుడు ఎలా కూర్చుందో అలాగే నా పక్కన కూర్చుంది. లడ్డు తిన్నాను. నాకు రుచి తెలియలేదు.

ఇంటికి వెళ్ళగానే మా అమ్మ కొత్త పరికిణీ చేతిలో పెట్టి, ముహూర్తం ముందుకు జరిగిందని, కబురు పంపే వీల్లేకపోయిందని మొదలుపెట్టింది. "ఎరుకే," అన్నాను. "వంకాయ కూరల ఉప్పెక్కువైందట. నాయినకు ఇద్దరే పిల్లలట." నాన్న దుకాణంలోకి దిగిపోయాడు. ఆ పరికిణీ నేను ఏనాడూ కట్టుకోలేదు.

పెద్దయ్యాక నాకు ఫిట్స్ తగ్గిపోయాయి. అక్క వర్ధన్నపేటలో ఉంటుంది, రాకపోకలు ఉన్నాయి. ఆమె పెళ్ళి ఫొటోలు ఎప్పుడు బయటికి తీసినా, నేను ఇందులో లేను అంటాను. ఇంకా ఎన్నాళ్ళే అంటుంది. ఉన్నన్నాళ్ళూ అంటాను.

మా అమ్మ చివరి రోజుల్లో దవాఖానలో తరచూ స్పృహ తప్పేది. మేలుకుని ఏమైందని అడిగితే, మా అన్నయ్య, అక్క, మనవలు అందరూ ఏం కాలేదనేవారు. వాళ్ళు బయటికి వెళ్ళాక నేను మంచం పక్కన కూర్చుని చెప్పేదాన్ని. ఎంతసేపు తెలివి లేదో, డాక్టరు ఏమన్నాడో, ఎవరు ఏడ్చారో, పక్కబట్టలు ఎందుకు మార్చారో, అన్నీ. ఆమె నా చెయ్యి పట్టుకుని, కళ్ళు మూసుకుని వినేది. ఒకరోజు, "నువ్వొక్కదానివే చెప్తవు బిడ్డా" అంది. ఆపైన, "నా మీద కోపం పోయిందా?" అని అడిగింది.

పోలేదని చెప్పాను. ఆమె నా చెయ్యి వదలలేదు.