గాటు పడిన కీబోర్డు

సరళకు కోపం మొదట చేతుల్లోకి వస్తుంది. ముఖం మామూలుగానే ఉంటుంది, గొంతు పెరగదు. వేళ్లు మాత్రం ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుంటాయి. ఆ మంగళవారం మధ్యాహ్నం ఉదయగిరిలో కొయ్య చెంచాలు చెక్కే షెడ్డులో, మోచేతుల దాకా కర్రపొడి పూసుకుని కూర్చుని, ఆమె ఫోనులో ఒక వీడియో చూస్తోంది. వీడియోలో కనిపిస్తున్న చేతులు తనవే. కుడి బొటనవేలి పక్కన ఉలి తగిలిన తెల్లటి మచ్చ తనదే. ఆ చేతులు చిన్న నల్లటి కీబోర్డు మీద వాన పడినట్టు పడుతున్నాయి. వినిపిస్తున్న గొంతు మాత్రం ఆ ఛానెల్ నడిపే సుధీర్‌ది.

"నాలుగు రోజులు వాయించి చూసినాం ఫ్రెండ్స్. వైర్‌లెస్‌లో ఒక్కసారి కూడా ఇబ్బంది పెట్టలేదు. గేమింగ్‌కి కళ్లు మూసుకుని తీసుకోవచ్చు."

సరళ వెనక్కి జరిపి ఆ ముక్క మళ్లీ విన్నది. ఒక్కసారి కూడా లేదంట. కింద ఎవరో రాశారు: "చేతులక్క వాడిందంటే చాలు. నెల్లూరు పోటీకి ఇదే తీసుకుంటా. అంజలి, వింజమూరు."

"ఏందిమే, ఆ ఫోను నలిపేస్తా ఉండావు?" అంది షెడ్డు నడిపే దేవకమ్మ.

"నా చేతులు అబద్ధం చెప్తా ఉండాయి అత్తా."

దేవకమ్మకు అర్థం కాలేదు. సరళ వివరించలేదు. ఉప్పుకాగితం తీసుకుని ఒక గరిటెను రుద్దడం మొదలుపెట్టింది. ఆ రోజు రుద్దిన గరిటెలన్నీ ఉండాల్సిన దానికంటే సన్నబడ్డాయి.

సరళకు ఇరవయ్యేడేళ్లు. డిగ్రీ రెండో ఏడులో ఆపేసి, ఆత్మకూరులో సుధీర్ పెట్టిన నెట్ సెంటర్లో పనికి చేరింది. దరఖాస్తులు నింపడం, హాల్ టికెట్లు తీసివ్వడం ఆమె పని. గిరాకీ లేని మధ్యాహ్నాల్లో తుపాకుల ఆట నేర్చుకుంది. ఐదుగురు ఒక వైపు, ఐదుగురు ఒక వైపు. మూడేళ్లలో ఆ ఆటలో ఆమెను ఓడించగలవాళ్లు ఆత్మకూరులో లేకుండా పోయారు. అడ్డుచెక్కకు అవతల కూర్చుని ఓడిపోయినవాళ్లు సుధీరే ఆడాడనుకుని అతనితో చేయి కలిపి వెళ్లేవాళ్లు. తర్వాత అందరి చేతుల్లోకి ఫోన్లు వచ్చి సెంటర్ మూతపడింది. సుధీర్ ఆటల సామాన్ల గురించి తెలుగులో ఛానెల్ పెట్టాడు. సరళ సొంత ఊరు ఉదయగిరి చేరి చెంచాల పనికి కుదిరింది. పోతూ పోతూ సుధీర్ ఒక పాత కంప్యూటర్ ఇచ్చాడు. కంపెనీలు పంపే కీబోర్డులూ మౌసులూ ఆమె ఇంటికి వస్తాయి. ఆమె ఆడి చూసి, నోటుబుక్కులో రాసి, ఆత్మకూరు వెళ్లి కెమెరా ముందు చేతులు పెడుతుంది. ముఖం వద్దని, గొంతు వద్దని మొదట్లో ఆమే అడిగింది. కాలనీలో నలుగురి నోళ్లకు భయపడింది. ఆ భయం ఎప్పుడో పోయింది గానీ, అలవాటు పోలేదు.

చేతులతో పరీక్షించడం ఆమెకు దేవకమ్మ నేర్పిన విద్య. నిజానికి చేతులతో కాదు. రుద్ది రుద్ది మొద్దుబారిన వేళ్లు గరుకును కూడా నునుపనే చెబుతాయని, చెంచా అంచును పెదవికి ఆనించి చూడమంటుంది దేవకమ్మ. సరళ కీబోర్డు కీలను కూడా ఒక్కొక్కటీ ఊడదీసి అంచులు పెదవికి ఆనిస్తుంది. అది చూసి సుధీర్ నవ్వేవాడు.

ఈ కీబోర్డు వచ్చినప్పుడు ఆమెకు ముచ్చటేసింది. రెండు అరచేతులంత ఉంది. పక్కన అంకెల గడులు లేవు, బాణం గుర్తులు లేవు. మౌసు తిప్పడానికి బల్ల మీద చోటే చోటు. ప్రతి కీ కింద దాని స్ప్రింగు దానికుంది. నొక్కితే అడుగు దాకా ఎక్కడా తడబడకుండా దిగుతుంది, వదిలితే నీటిలోంచి చేప తల పైకి లేచినట్టు లేస్తుంది. స్పేస్ బార్ ఒక చివర కొంచెం గలగలమంది. పది రోజులు వస్తుందన్న చార్జింగ్, లైట్లు వేస్తే మూడో రోజుకే దిగిపోయింది. అవన్నీ రాసుకుంది. చిన్న లోపాలు, చెప్పి ఊరుకోవచ్చు.

డబ్ల్యూ కీ సంగతి అట్లాంటిది కాదు. డబ్ల్యూ నొక్కితే ఆటలో మనిషి ముందుకు పరుగెత్తుతాడు. వేలు తీస్తే ఆగాలి. మొదటి రోజు సాయంత్రం, వేలు తీసినా ఆగలేదు. గోడ చాటు నుంచి నేరుగా శత్రువు తుపాకీ ముందుకు పోయి చచ్చాడు. సరళ తన వేలినే అనుమానించింది. రెండో రోజు గోళ్లు కత్తిరించుకుని కూర్చుంది. మళ్లీ జరిగింది. వైరు తగిలించి రెండు గంటలు ఆడితే ఒక్కసారీ జరగలేదు. వైరు తీసి, కంప్యూటర్‌కు గుచ్చే చిన్న డాంగిల్‌తో ఆడితే మళ్లీ మొదలు. వేలు లేచిన కబురు గాలిలో ఎక్కడో తప్పిపోతోంది. నాలుగు రోజుల్లో పదకొండు సార్లు. పదకొండూ గంట, నిమిషంతో సహా రాసింది.

పదకొండోసారి ఆమె ఒక తప్పు చేసింది. చెంచాల షెడ్డులో పగులున్న వస్తువు ఎవరి కంట పడితే వాళ్లే దాని అడుగున ఉలితో ఏటవాలుగా ఒక గాటు పెట్టాలి. గాటు పడిన చెంచా ఎవరు చెక్కినదైనా అమ్మే మూటలోకి పోదు. ఎందుకు పెట్టావని దేవకమ్మ కూడా అడగదు. ఆ సాయంత్రం పని నుంచి నేరుగా వచ్చి కూర్చున్న సరళ ఆటలో మనిషి మళ్లీ చావగానే, పక్కన సంచిలోని ఉలి తీసి, కీబోర్డును బోర్లా తిప్పి, గాటు పెట్టేసింది. కర్రపొడి రాలలేదు. నల్లటి ప్లాస్టిక్ చుట్ట ఒకటి ఒడిలో పడింది. ఇది తిరిగి పంపాల్సిన కంపెనీ వస్తువని అప్పుడు గుర్తొచ్చింది. ఆదివారం ఆత్మకూరు తీసుకుపోయినప్పుడు నోటుబుక్కిచ్చింది, కెమెరా ముందు చేతులు పెట్టింది, గాటు సంగతి మాత్రం చెప్పలేదు. చెబుదామని రెండుసార్లు నోరు తెరిచి మూసింది.

వీడియో చూసిన మర్నాడు పొద్దున బస్సెక్కి ఆత్మకూరులో దిగింది. సుధీర్ గదికి బయటి నుంచి మెట్లున్నాయి. ఇన్నేళ్లుగా ఆమె ఆ మెట్ల మీదనే ఎక్కి, ఆ మెట్ల మీదనే దిగింది. ఆ ఇంటి హాలు ఎట్లా ఉంటుందో ఆమెకు తెలియదు. కింద మిరపకాయలు ఆరబోస్తున్న అతని తల్లి కామాక్షమ్మ తలెత్తి చూసింది.

"ఈరోజు రమ్మన్నాడా మే?"

"లేదమ్మా, నేనే వచ్చినాను."

సుధీర్ చెవులకు హెడ్‌ఫోను పెట్టుకుని కూర్చున్నాడు. ఆమెను చూసి తీశాడు.

"వీడియో తీసెయ్యన్నా," అంది సరళ గుమ్మంలో నిలబడే.

"కూర్చో ముందు. మజ్జిగ తెమ్మంటాను."

"మజ్జిగొద్దు. నోటుబుక్కు చదివినావా?"

"చదివినా."

"చదివి, ఒక్కసారి కూడా లేదని ఎట్టా చెప్పినావు?"

"మీది రేకుల కప్పు కదా. సిగ్నల్ తేడా వచ్చుంటాది."

"డాంగిల్‌కీ కీబోర్డుకీ మధ్య జానెడు దూరం. ఆ జానెడులో రేకు యాడుండాది? మా ఇంటి కప్పు మీద పడతావేంది?"

సుధీర్ లేచి అరలోంచి కీబోర్డు తీశాడు. బోర్లా తిప్పి ఆమె ముఖం ముందు పెట్టాడు. నల్లటి అడుగున గాటు తెల్లగా నవ్వుతోంది.

"మరి ఇదేంది? ఉలితో గీకేదానికి చెంచా అనుకున్నావా? చూపించకుండా పెట్టిపోయినావే, నేను చూసుకోననుకున్నావా?"

సరళ ముఖం వేడెక్కింది. "అలవాటులో పడిపోయింది. చెప్పకపోవడం నా తప్పు."

"ఆ తప్పు కప్పేదానికే నేను మంచిగా చెప్పింది. వీడియో నచ్చింది, పీసు మీరే ఉంచుకోండన్నారు వాళ్లు. లేకపోతే ఈ గాటు చూపించి ఏం చెప్పాల? మా సరళ చెక్కిందని చెప్పాలా?"

ఆమె ఒక్క క్షణం తల వంచింది. తన తప్పు తన మెడ మీదనే కూర్చుంది. కానీ ఆ మాటల్లో ఏదో కుదరలేదు, ఒక కాలు పొట్టిగా ఉన్న పీటలాగా.

"గాటు పడితే, పడిందని చెప్పాల. గాటుకూ డబ్ల్యూకూ ఏంది సంబంధం?"

"అబ్బా, అదొక చిన్న సంగతిమే. వాళ్లకీ తెలుసు. వచ్చే నెల అప్‌డేట్ ఇస్తారంట."

సరళ గుమ్మం దాటి ఒక అడుగు లోపలికి వేసింది.

"ఎవురికి తెలుసు?"

సుధీర్ బల్ల మీది హెడ్‌ఫోను పక్కకు జరిపాడు.

"నీకెప్పుడు తెలిసింది అన్నా?"

"పీసుతో పాటే మెయిల్ రాసినారు," అన్నాడు మానిటర్ వైపు చూస్తూ. "చెప్తే నువ్వు దాన్నే పట్టుకుని కూర్చుంటావని చెప్పలేదు."

ఆమె వేళ్లు ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. గోళ్లు కత్తిరించుకున్న సాయంత్రం గుర్తొచ్చింది. నాలుగు రోజులు, షెడ్డు నుంచి వచ్చి మొహం కూడా కడుక్కోకుండా, తన వేలిదా తప్పు, యంత్రానిదా తప్పు అని ఒంటరిగా కొట్లాడింది. జవాబు అప్పటికే ఇతని మెయిల్లో ఉంది.

"నా మాట కూడా విను," అన్నాడు సుధీర్. గొంతు తగ్గింది. "మా నాయన రోజూ అడగతా ఉండాడు, ఈ బొమ్మలాటతో ఏం సాధించినావురా అని. ఇంతవరకు ఏ కంపెనీ రెండోసారి పంపలేదు. వీళ్లు నెలనెలా పంపిస్తామన్నారు. నీకూ ఒకటి ఇప్పిస్తా. ఈ ఒక్కసారికి పోనీమే."

"పోనియ్యి. నీ చేతులు పెట్టి వీడియో తీసుకో."

సుధీర్ నవ్వబోయాడు. "నా చేతులు ఎవురు నమ్ముతారు?"

తేలిగ్గానే అన్నాడు. కానీ అన్నాక ఇద్దరూ ఆ మాటనే చూస్తూ నిలబడ్డారు. అతని చేతులు తెల్లగా, మెత్తగా, పనిలేనట్టు కుర్చీ వీపు మీద ఉన్నాయి. సరళకు జాలి కలగాల్సిన చోటు అది. కలగలేదు. నమ్మకమంతా తన చేతుల్లో ఉందని ఇతనికి మొదటి నుంచీ తెలుసు, తెలిసే వాడుకున్నాడు అన్నదొక్కటే మనసులో భగ్గుమంది.

కీబోర్డును పెట్టెలో పెట్టి, కంప్యూటర్ నుంచి డాంగిల్ ఊడబెరికి, పెట్టెను చంకన పెట్టుకుంది.

"ఏందిమే, యాడికి?"

"నేనే కంపెనీకి పంపిస్తా. గాటు నేను పెట్టినానని చీటీ రాసి పెడతా."

"అది నా పేరుతో వచ్చింది."

"గాటు నా పేరుతో ఉండాది," అంది సరళ. మెట్లు దిగుతుంటే పైనుంచి అతను ఇంకేదో అన్నాడు. ఆమె ఆగలేదు.

ఇల్లు చేరేసరికి రెండున్నర. బియ్యం డబ్బాకు ఫోను పక్కగా ఆనించి, బల్ల మీది తెరా, కీబోర్డూ, తన ముఖమూ మూడూ కనపడేలా పెట్టింది. ముఖం చూసుకుని, కర్రపొడి తుడుచుకోబోయి, అట్లాగే వదిలేసింది. రికార్డు నొక్కి ఆట మొదలుపెట్టింది.

లోపం రాలేదు.

పావుగంట గడిచింది. అరగంట గడిచింది. ఆటలో మనిషి పరుగెత్తాడు, ఆగాడు, గోడల చాటున దాక్కున్నాడు. వేలు తీసిన ప్రతిసారీ బుద్ధిగా నిలబడ్డాడు. సరళ పళ్లు బిగించింది.

"నాలుగు రోజులు నన్ను చంపి, ఈ పొద్దు మంచిదానివైనావా?"

"ఎవుర్ని తిడతా ఉండావే?" గుమ్మంలోంచి దేవకమ్మ గొంతు. పనికి ఎందుకు రాలేదో కనుక్కుపోదామని వచ్చింది. లోపలికి వచ్చి మంచం మీద కూర్చుని తెర వైపు చూసింది.

"కదలబాక అత్తా. ఫోన్లో వీడియో తిరగతా ఉండాది."

దేవకమ్మ కదల్లేదు. ఇద్దరూ తెరలోని ఎండపట్టిన వీధిని చూస్తూ కూర్చున్నారు. వంగిన భుజాలు నొప్పి పుడుతున్నా సరళ లేవలేదు. కళ్లు మండుతున్నాయి. ఆమెకు ఇప్పుడు ఆట గెలవాలని లేదు. ఒక్కసారి ఓడిపోవాలి. అందరి ముందు, తన తప్పు లేకుండా ఓడిపోవాలి.

యాభై నిమిషాలకు అది జరిగింది. సరళ డబ్ల్యూ మీంచి వేలు తీసింది. మనిషి ఆగలేదు.

ఆమె రెండు చేతులూ ఫోనుకు కనపడేలా పైకెత్తింది.

"నువ్వు నొక్కలేదు కదే," అంది దేవకమ్మ.

"లేదత్తా."

"మరి వాడెందుకు పోతా ఉండాడు?"

"అదే చెప్పబోతా ఉండా."

ఫోను వైపు తిరిగింది. చేతులు దించకుండానే మొదలుపెట్టింది.

"నా పేరు సరళ. మాది ఉదయగిరి. మొన్న వీడియోలో మీరు చూసిన చేతులు ఇవే. ఆ మాట మాత్రం నాది కాదు. ఈ కీబోర్డు చేతికి బాగుంటాది, వైరు పెడితే బాగా ఆడతాది. వైరు తీస్తే ఇట్టా చేస్తాది. నాలుగు రోజుల్లో పదకొండు సార్లు చేసింది, ఈరోజు ఒకసారి. దీని అడుగున గాటు పెట్టింది నేను, అది నా తప్పు, కంపెనీకి నేను చెప్పుకుంటా. వింజమూరు అంజలీ, ఆర్డర్ పెట్టుంటే ఆపెయ్. పోటీలో చచ్చిపోతావు."

దీన్ని తన పేరుతోనే పెట్టి, అంజలి రాసిన మాట కింద లింకు ఇవ్వాలనుకుంది. చేతులు గాల్లోనే ఉన్నాయి. తెర మీద మనిషి గోడకు తగిలి, తగిలిన చోటే ఇంకా పరుగెత్తుతున్నాడు.