వాగులోకి మట్టి దిగకుండా

టెనెసీ కొండల్లోని ఆ కౌంటీలో ఎవరు నేల తవ్వినా వెర్నా టాకెట్ వచ్చి చూడవలసిందే. తవ్విన మట్టి వాననీటితో వాగులో కలవకుండా కాపాడడం పందొమ్మిదేళ్లుగా ఆమె ఉద్యోగం.

ఆ శుక్రవారం ఆమె డ్యూయీ హాలిస్ ఇళ్లు కడుతున్న వాలుకు వెళ్లింది. వాలు అడుగున, మట్టిని ఆపడానికి నల్లగుడ్డ కంచె కట్టి ఉంది. ఆమె బూటుతో తన్నగానే గుడ్డ అంచు పైకి లేచింది.

"కంచె కట్టావా డ్యూయీ, లంగా ఆరేశావా?"

"సోమవారం పూడ్చేస్తాలెండి, మిస్ వెర్నా."

"రేపే వానట. నీ కోసం సోమవారం దాకా ఆగుతుందా?"

"పనోళ్లని పంపేశానండీ. ఎల్లుండి మా మనవరాలి బాప్తిస్మం, కింద వాగులోనే. మీరూ రావాలి."

"వస్తాను. పిల్లని నీళ్లలో ముంచుతావా, నీ బురదలోనా?"

డ్యూయీ వాగు వైపు చూశాడు. ఆ వాలునూ ఆ వాగునూ అతడు అంతవరకు కలిపి ఆలోచించలేదు.

వెర్నా పని ఆపమనే ఎర్ర కాగితాన్ని కంచె గుంజకు అంటించింది. అంచు ఆరంగుళాలు భూమిలో ఉండాలన్నది చట్టం. ఐదు చాలునని అందులో ఎక్కడా లేదు. డ్యూయీ గొణుగుతూనే పార అందుకుని, పొద్దుగూకేదాకా కాలువ తవ్వి గుడ్డను పాతాడు. ఆమె మళ్లీ తన్నింది. ఈసారి అంచు కదలలేదు. కాగితాన్ని తనే చింపేసింది.

శనివారం కుండపోతగా కురిసింది. ఆదివారం పిల్ల నడుములోతు వాగులో నిలబడితే, గట్టు మీదున్న వెర్నాకు ఆ పిల్ల కాలిగోళ్ల రంగు కూడా కనిపించింది.