మౌసును సొరుగులో దాచే మాస్టారు

పాల ప్యాకెట్ల కోసం తలుపు తీస్తే మెట్ల దగ్గర గార్డు నిలబడి ఉన్నాడు. "దీదీ, ఊపర్‌వాలే మాస్టర్‌జీ నహీ రహే" అన్నాడు. మా పై అంతస్తు మాస్టారు నిద్రలోనే వెళ్ళిపోయారట. ఆ ఉదయం మేముండే వైశాలి కాలనీ అంతా పొగమంచు. ఎదురు బిల్డింగు కూడా లేదు. ఎక్కడో మెట్రో వెళుతున్న చప్పుడు మాత్రం ఉంది. నాకెందుకో ముందు గుర్తొచ్చింది వంటగదిలో పప్పు డబ్బాల వెనక ఉండే నా నోటుపుస్తకం. అందులో చివరి పేజీలో ఒక పని ఎదురుగా "కాలేదు" అని రాసి ఉంది.

మాస్టారు బడిపంతులు కారు. కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో కంప్యూటర్ల పని చూసి రిటైరయ్యారు. ఎదుటి మనిషికి ఏదో ఒకటి నేర్పకుండా ఉండలేరు కనుక సొసైటీలో తెలుగువాళ్ళందరికీ మాస్టారయ్యారు. ఆయన భార్యను నేను పిన్నిగారంటాను. గ్లకోమాతో ఆవిడకు చూపు పోయి కొన్నేళ్ళయింది. మేం కొందరం పాత పత్రికల్లోని కథలు చదివి, రికార్డు చేసి ఆవిడకు పంపేవాళ్ళం. కానీ ఏ కథ పెట్టాలన్నా మాస్టారే పెట్టాలి.

"నాకేం వినాలనుందో చెప్పేలోపే ఆయన ఒకటి పెట్టేస్తారమ్మా. కథ కూడా ఎవరో వడ్డిస్తేనే తినాలా?" అనేవారు పిన్నిగారు.

ఆ కథలన్నీ ఒక వెబ్ పేజీలో పెట్టాలని మాస్టారి ఆలోచన. ఆయనకది ఒక పూట పని. అయినా నన్ను కూర్చోబెట్టి చేయించారు. "రేపు చూసుకునే మనిషి ఉండాలి కదా అమ్మాయ్. నేను లేని మధ్యాహ్నం కూడా ఆవిడ కథ ఆవిడే పెట్టుకోవాలి" అన్నారు.

చలికాలం మధ్యాహ్నాలు వాళ్ళ బాల్కనీలో గడిచాయి. కమలాపండు వాసన, ఒళ్ళో పడే పల్చటి ఎండ, పక్కన పిన్నిగారి స్వెటర్ సూదుల చప్పుడు. ఆ రోజులు ఇప్పుడు తలచుకుంటే ఎవరో నాకు చెప్పిన కలలా ఉన్నాయి.

నా మొదటి పేజీ నాకు ఎంతో ముద్దొచ్చింది. తెరవగానే నా గొంతుతో స్వాగతం పలికేది. ప్రతి కథ పక్కనా చిన్న వీణ బొమ్మ. దాన్ని నొక్కితే కథ మొదలవుతుంది. మాస్టారు మౌసు పీకి, సొరుగులో థర్మామీటరు పక్కన పెట్టి మూసేశారు. లాప్‌టాప్‌ను పిన్నిగారి ముందుకు జరిపారు.

తెర మీది మాటల్ని చదివి వినిపించే గొంతు ఒకటి ఆవిడ కంప్యూటర్లో ఉంది. దాని మీద నా స్వాగతం పడింది.

"ఇద్దరూ ఒక్కసారే మాట్లాడుతున్నారు. ఎవరి మాట విననే?" అన్నారు పిన్నిగారు. తర్వాత పేజీలో ఒక్కో బటన్ మీదికీ తీసుకెళ్ళే ట్యాబ్ మీట నొక్కుతూ వెళ్ళారు. వీణల దగ్గర ఒక్కచోటా ఆగలేదు. పేజీ అయిపోయింది.

"కథలెక్కడమ్మా?"

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. మాస్టారు నవ్వారు. "బొమ్మకి పని అప్పజెప్పావు. అది చూసేవాళ్ళకే పలుకుతుంది. బటన్‌కి అప్పజెప్పు, అందరికీ పలుకుతుంది."

ఆయన పద్ధతి ఒకటే. పేజీకి హంగులు చేర్చే ప్రోగ్రాం, అదే స్క్రిప్టు, లేకుండా ముందు పేజీ నడవాలి. పేరు నొక్కితే కథ వినబడాలి. ఆ తర్వాతే స్క్రిప్టు, అదీ వేరే ఫైల్లో, ఉన్నట్టు తెలియకుండా. "ఇంటిపనికి కామ్‌వాలీ వస్తే ఇల్లు ఇంకాస్త బాగుంటుంది. రాకపోతే అన్నం ఉడకడం మానుతుందా?" అనేవారు. నేను మార్చిన ప్రతిదానికీ నోటుపుస్తకంలో మూడు గళ్ళు గీసుకున్నాను: మౌసు లేకుండా, స్క్రిప్టు ఆపి, కళ్ళు మూసుకుని. ట్యాబ్ నొక్కినప్పుడు బటన్ చుట్టూ వచ్చే నీలి గీత అందంగా లేదని ఒకసారి తీసేశాను. మాస్టారు మర్నాడే పెట్టించారు. "మనం ఎక్కడున్నామో చెప్పేది అదొక్కటే. వద్దంటావేం?"

మిగిలిపోయిన పని చిన్నదే. కథ అయిపోగానే దాని పక్కన "విన్నాను" అని గుర్తు పడాలి. అందుకోసం నా స్క్రిప్టు కథల పట్టిక మొత్తాన్నీ తుడిచి మళ్ళీ రాసేది. దాంతో పిన్నిగారు ఉన్న చోటు కూడా చెరిగిపోయి, ప్రతిసారీ మొదటి నుంచి వెతుక్కుంటూ రావాల్సి వచ్చేది. "కథ అయ్యాక ఆవిడ కూర్చున్న చోటే ఉండాలమ్మాయ్. లేపి తీసుకెళ్ళి గుమ్మంలో నిలబెట్టకు" అన్నారు మాస్టారు. మా పాఠంలో అదే ఆయన చివరి మాట.

కర్మలు జరిగే రోజుల్లో, పైన వచ్చేపోయే అడుగుల చప్పుడు వింటూ, ఆ పని చేశాను. పట్టికను కదపకుండా ఆ ఒక్క మాటే మారేలా రాశాను. మూడు గళ్ళూ నిండాయి. చూపించడానికి మాత్రం మాస్టారు లేరు.

చుట్టాలంతా వెళ్ళాక ఒక మధ్యాహ్నం పైకి వెళ్ళాను. పిన్నిగారు బాల్కనీలో ఒక్కరే ఉన్నారు. "కథ పెట్టనా పిన్నిగారూ?" అనేశాను, అలవాటుగా.

"నువ్వెందుకే, నేనున్నాగా" అన్నారు.

ట్యాబ్ నొక్కుతూ వెళ్ళి ఒక కథ ఎంచుకున్నారు. నేనే చదివిన కథ. సగంలో కునుకు తీసి, చివర్లో లేచారు. కథ అయిపోయింది. ఆవిడ ఒకే ఒక్కసారి ట్యాబ్ నొక్కారు. గుమ్మంలోకి పోలేదు. పక్క కథ మీదే ఆగింది.

"మాస్టారు చదివిన కథ, బటన్" అంది కంప్యూటర్ గొంతు.

ఆయన చదివింది ఆ ఒక్కటే. పిన్నిగారి వేలు ఎంటర్ మీట మీద చాలాసేపు ఉంది. తర్వాత మెల్లగా తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

"ఉండనీ. ఎక్కడుందో తెలుసుగా."

మౌసు ఇంకా ఆ సొరుగులోనే ఉంది. ఎండ బాల్కనీ కటకటాల మీదికి జరిగింది. నేను వచ్చేసేటప్పుడు కూడా ఆ బటన్ చుట్టూ నీలి గీత వెలుగుతూనే ఉంది.